కొలిచి పోసిన నీళ్లు

ఆ వారంలో చెప్పుకోదగ్గ సంగతేమీ జరగలేదు. కరుణాకరం పోయింది ఆ తర్వాత ఏడు వారాలకు. అయినా మొగుడు తలపుకొస్తే యేసుమణికి అతను పోయిన రోజు గుర్తుకు రాదు. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న ఆ ఏప్రిల్ మొదటి వారమే కళ్లముందు నిలబడుతుంది.

కొనకనమిట్ల దగ్గర చిన్న ఊరు వాళ్లది. కరుణాకరానికి రెండు కిడ్నీలూ పాడై అప్పటికి పద్నాలుగు నెలలు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే బస్సెక్కి డయాలసిస్‌కు మార్కాపురం పోవడం, నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవడం, మాపటికి ఇల్లు చేరడం. మూత్రం రావడం ఆగిపోయింది కాబట్టి తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే నిలిచిపోయేవి. రోజు మొత్తానికి అరలీటరు దాటకూడదన్నారు. యేసుమణి ఒక కూల్‌డ్రింకు సీసా కడిగి, పొద్దున్నే నింపి మంచం దగ్గర పెట్టేది. మందులు మింగడానికీ అవే, దాహానికీ అవే. చలికాలం ఎలాగో గడిచిపోయింది. ఎండలు రాగానే ఆ సీసా మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది.

ఆ సోమవారం తూకం వేస్తే మూడు రోజుల్లో నాలుగు కిలోలు పెరిగి ఉన్నాడు. సిస్టరు యేసుమణి వైపు తిరిగింది.

"ఏందమ్మా, నీళ్లిచ్చేది నువ్వే కదా? ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరితే మనిషి దక్కడు."

వార్డులో అందరూ విన్నారు. తప్పు చేసి దొరికిపోయినదానిలా యేసుమణి తల వంచుకుంది.

మంగళవారం ఉపాధి పనికి పోతూ నీళ్ల బిందెలన్నీ వంటగదిలో పెట్టి తాళం వేసింది. కరుణాకరం మంచంలోనుంచి చూస్తూనే ఉన్నాడు. ఒంటిగంటకు ఆమె తిరిగొచ్చేసరికి పెరట్లో మేకల తొట్టి పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా ముందువైపంతా తడిసి ఉంది.

"ఏమయ్యా, మేకల తొట్టిలో తాగినావా?"

"మొగం కడుక్కున్నా."

"నిజం చెప్పు."

"తాగినా. రెండు దోసిళ్లు." నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. "నోట్లో ఉమ్మి కూడా లేదు మణీ. నాలుక చెక్కైపోయింది."

ఆమెకు కోపమొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పటికీ తెలియదు. తొట్టిని కాలితో తన్ని బోర్లించింది. "నీ సావు నా చేతికి అంటించి పోవాలనుకుంటుండావా?" అని అరిచింది. నీళ్లు మట్టిలోకి ఇంకిపోతుంటే కరుణాకరం వాటినే చూశాడు తప్ప ఆమె మొహం చూడలేదు.

తర్వాత ఆ మాటకు ఆమె క్షమాపణ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. బుధవారం మళ్లీ బస్సు, మళ్లీ తూకం. గురువారం వీధిలోకి ట్యాంకరు వస్తే కరుణాకరం కట్టె పట్టుకుని మెల్లగా పోయి, పైపు కింద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. బిందెలు పట్టుకునే ఆడవాళ్లు పక్కకు జరిగి చోటిచ్చారు. అతను తాగలేదు. చెయ్యి పంచెకు తుడుచుకుని, "చల్లగుండాయి" అని మాత్రం అన్నాడు.

ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల. ద్రాక్షరసం చిన్న గ్లాసుల్లో ఇచ్చారు, ఒక్క గుక్కెడు. కరుణాకరం దాన్ని మింగకుండా నోట్లోనే పెట్టుకున్నాడు. అందరూ పాట పాడుతున్నా అతను పెదవి విప్పలేదు. కళ్లు మూసుకున్నాడు. చూసినవాళ్లు భక్తి అనుకుని ఉంటారు. పాట అయిపోయేదాకా ఆ గుక్కెడూ అతని బుగ్గలోనే ఉందని యేసుమణికి తెలుసు.

ఇంటికొచ్చాక సీసాలో ఆ మేరకు తగ్గించి పోసింది.

కరుణాకరం గమనించాడు. "దేవుడిచ్చింది కూడా లెక్కేనా మణీ?"

"లెక్కే" అంది.

అతను నవ్వాడు. కోపం లేని నవ్వు. కోపగించుకుని ఉంటే ఈపాటికి ఆమె మరిచిపోయేదేమో.

మే నెలాఖరున ఒక బుధవారం, బస్సు మార్కాపురం చేరకముందే, ఆమె భుజం మీద తల వాల్చి పోయాడు. ఆసుపత్రిలో ఆమె అడిగింది ఒక్కటే. "నీళ్లెక్కువైనాయా సార్?"

"లేదమ్మా. సోమవారం తూకం కూడా సరిగ్గానే ఉంది. ఈ జబ్బులో గుండె ఎప్పుడైనా ఆగిపోతుంది. నువ్వు బాగా చూసుకున్నావు" అన్నాడు డాక్టరు. ధైర్యం చెప్పాననే ఆయన అనుకున్నాడు. నీళ్లు ఆపినా ఆగనిదానికి అన్నాళ్లు నోరు ఎండబెట్టానా అని ఆమె ఆ రోజునుంచి తనను తాను అడుగుతూనే ఉంది.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. మొన్న పొద్దున పక్కవీధి నాగజ్యోతి వచ్చింది. ఆమె మొగుడు పిచ్చయ్యకు డయాలసిస్ మొదలై నెలయింది.

"అక్కా, బావను నువ్వెట్ల ఆపినావు? మా ఆయన నీళ్లకోసం పసిబిడ్డ మాదిరి ఏడుస్తుండాడు. నాకు చేతులు రావడం లేదు."

అడిగినన్ని ఇవ్వమనే మాట యేసుమణి నోటిదాకా వచ్చింది. ఇస్తే ఊపిరాడక కొట్టుకుంటాడు. అట్లా కొట్టుకున్నవాళ్లను ఆ వార్డులో ఇద్దరిని చూసింది.

"కొలిచే పొయ్యాల" అంది చివరికి.

"ఎన్నాళ్లక్కా?"

"ఉన్నన్నాళ్లు."

ఇంకో మాటేదైనా చెబుతుందేమోనని నాగజ్యోతి కాసేపు గడపలోనే నిలబడింది. తర్వాత కొంగు నెత్తిన కప్పుకుని, ఎండ ఎక్కకముందే ఇంటికి పోయింది.