గంట మోగని శనివారం

నేను ఒక మైకుని. మనుషుల గొంతు పెంచడమే నా పని అనుకుంటారందరూ. కానీ నాకు ముందుగా అందేది మాట కాదు, అరచేతి చెమట. ఎంతటి పెద్దమనిషైనా నన్ను పట్టుకోగానే నోరు తడారిపోయి, "హలో, హలో" అంటూ నన్ను పరీక్షిస్తున్నట్టు నటిస్తాడు. ఇంతమంది భయాన్ని మోసీ మోసీ నేనూ పిరికిదాన్నయిపోయాను. కొత్తరకం కాలరు మైకులు వచ్చాక నన్ను కాలేజీ బీరువాలో పడేశారు. నిజం చెప్పొద్దూ, ప్రాణం హాయిగా ఉంది.

పుట్టింది ఏదో పెద్ద షెడ్డులో. సన్నటి తీగచుట్ట, దానికో పల్చటి పొర, పైన ఇనుప జల్లెడ, ఇంతే నేను. విశాఖపట్నంలో పెళ్లిళ్లకు సౌండు పెట్టే సన్యాసిరావు నన్ను కొనుక్కొచ్చాడు. ఆయన దగ్గరున్నన్నాళ్లూ ఆశీర్వచనాలు, ఉపన్యాసాలు, పాటలు చాలా మోశాను. జనం చెవులు రిక్కించి విన్నది మాత్రం "భోజనాలు వడ్డిస్తున్నాం" అన్న ఒక్క మాటే. తర్వాత ఆయన తన సామానంతా కాలేజీకి అమ్మేసి విశ్రాంతి తీసుకున్నాడు. నా భయం అక్కడే ముదిరింది.

అక్కడ శనివారాలు టెక్నాలజీ మేనేజ్‌మెంటులో పీజీ క్లాసులు జరిగేవి. వారమంతా ఫ్యాక్టరీల్లో పనిచేసే ఇంజనీర్లు వచ్చేవారు. యంత్రాల్ని నడపడం వచ్చినవాళ్లకి మనుషుల్ని నడపడం నేర్పే చదువది. రెండు వారాలు తిరక్కుండానే, యంత్రాలే నయం బాబూ అని వాళ్లలో వాళ్లు అనుకునేవారు.

పాఠం చెప్పే పట్నాయక్ గారికి ఒక పద్ధతి ఉండేది. దానికి శవపరీక్ష అని పేరు పెట్టారు. ప్రతి విద్యార్థీ తన ఫ్యాక్టరీలో త్వరలో మొదలయ్యే ప్రాజెక్టు ఒకటి తీసుకోవాలి. అది అప్పుడే మొదలై, నాశనమైపోయిందనుకుని, ఎలా నాశనమైందో నిలబడి చెప్పాలి. ముందు వరసలో వాళ్ల వాళ్ల పైఅధికారులు కూర్చుంటారు. మైకు పట్టుకున్నవాళ్లు ముగించేదాకా ఎంతటివాళ్లయినా నోరెత్తకూడదు.

"పైవాడి మొహం చూస్తూ చెడ్డమాట చెప్పలేనివాళ్లు రేపు పదిమందికి పెద్దలేం అవుతారండీ?" అనేవారాయన.

ఆ శనివారం ప్రాజెక్టులన్నీ మర్యాదగా చచ్చిపోయాయి. ఒకాయనది వానలకి పోయింది. ఇంకొకాయనది సరుకు ఆలస్యమై పోయింది. పైఅధికారి వల్ల పోయిన ప్రాజెక్టు ఒక్కటీ లేదు. ముందు వరసలో నవ్వులు, తలాడింపులు.

తర్వాత కాత్యాయని వచ్చింది. మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. అక్కడ గ్యాస్ లీకైతే గంటలు మోగుతాయి. ఊరికే కూడా మోగుతాయి, మోగినప్పుడల్లా పని ఆగిపోతుంది. అందుకని ఏది నిజమో ఏది ఉత్తుత్తిదో కంప్యూటరే తేల్చుకుని, నిజమైనదానికే గంట కొట్టే పద్ధతి ఒకటి ఆమె తయారుచేసింది. సోమవారం నుంచి అమలు. అది ఆమె పైఅధికారి వీరభద్రం గారి కల. ఆయన ఎదురుగానే కూర్చున్నారు.

ఆమె చెయ్యి చల్లగా, తడిగా ఉంది. చేతిలోంచి జారిపోతానేమోనని హడలిపోయాను.

"మా ప్రాజెక్టు, సార్... సిబ్బందికి సరైన శిక్షణ ఇవ్వకపోవడం వల్ల..." అని ఆగిపోయింది. ఆమె ఊపిరి నాలో గాలివానలా కొట్టింది. "కాదు సార్. అలా పోలేదు. గంట మోగలేదు. గ్యాస్ బయటికొచ్చింది, కంప్యూటరేమో అది ఉత్తుత్తిదనుకుంది. ఒకతను పడిపోయాడు. కళ్లు తిరిగాయేమో అనుకుని లేపడానికి ఇంకొకతను వెళ్లాడు. అతనూ పడిపోయాడు. మూడో అతను..."

పట్నాయక్ గారు తన పద్ధతిని తానే తప్పారు. "ఇదంతా ఊహే కదమ్మా?"

"పడిపోవడం ఊహ సార్. గంట మోగకపోవడం ఊహ కాదు. పోయిన వారం మేమే కొంచెం గ్యాస్ వదిలి చూశాం. మోగలేదు. ఇంకోసారి వదిలితే మోగింది. మోగిందని మాత్రమే వీరభద్రం సార్‌కి చెప్పాను. భయమేసింది సార్."

వీరభద్రం గారు లేచారు. నన్ను లాక్కుని నేలకేసి కొడతారనుకున్నాను. నెమ్మదిగా తీసుకున్నారు. ఆయన చెయ్యి ఆమె చెయ్యి కంటే తడిగా ఉంది. నన్ను ఆపడం కూడా మరిచిపోయి, బల్లమీద పెట్టి ఫోన్ తీశారు. తడి చేత్తో చెవి దగ్గర పట్టుకోలేక, దాన్నీ స్పీకరులో పెట్టి నా పక్కనే ఉంచారు. హాలంతా వింటోంది.

"గురునాథం, కొత్త పద్ధతి సోమవారం మొదలెట్టొద్దు. పాత గంటలే ఉంచు."

షిఫ్టు చూసే గురునాథం గొంతు హుషారుగా పలికింది. "సోమవారం ఏటి సార్? పొద్దున్నే ఎక్కించీసాం కదా. తొందరగా కానిచ్చీమని మీరే అన్నారు కదండి."

"ఎలా ఉంది?"

"సూపరు సార్. పొద్దున్నించీ ఒక్క గంట మోగితే ఒట్టు."

కాత్యాయని బల్లమీదికి వంగింది. "గురునాథం గారూ, నేను కాత్యాయనిని. అందర్నీ గేటు దగ్గరికి పంపించీయండి. ఇప్పుడే."

"గంట మోగకుండా ఎలా పంపిస్తామండి? పని ఆగిపోద్ది. సార్ చెప్పాలి."

అందరూ వీరభద్రం గారి వైపు చూశారు. నేను లేకపోతే ముందు వరసకైనా వినపడనంత సన్నగా ఆయన అన్నారు: "పంపించు."

ఫోన్లోంచి కేకలు, పరుగులు, తిట్లు. కొంతసేపటికి గేటు దగ్గర పేర్లు పిలవడం మొదలైంది. పైడిరాజు ఉన్నాడు. ఎర్రయ్య ఉన్నాడు. నరసింగు ఉన్నాడు.

"ముత్యాలు."

గురునాథం గొంతు పెంచాడు.

"ముత్యాలూ!"

కాత్యాయని చేతికి ఏదో ఒకటి పట్టుకోవాలనిపించి నన్ను పట్టుకుంది. నా జల్లెడ నొక్కుకుపోయింది. అంతమంది మనుషుల మధ్య అంత నిశ్శబ్దాన్ని నేను ఎన్నడూ మోయలేదు. ఎవరైనా మాట్లాడండర్రా అని అరవాలనిపించింది. సొంత గొంతు లేకుండా పుట్టినందుకు మొదటిసారి ఏడుపొచ్చింది.

దూరంగా దగ్గు వినిపించింది. ఆ దగ్గు దగ్గరైంది.

"ఉన్నానండి," అన్నాడు ముత్యాలు. "కళ్లు మండిపోతన్నాయి. లోపల ఏదో లీకవుతోందండి బాబూ, గంటెందుకు కొట్టలేదు?"