అరవకుండా చెబితే

రోజూ బొరుగుల ఉగ్గాని చేసి పెట్టి గిన్నెలు సర్దుతుంటే వీధిలో బైకు హారన్ మొదలయ్యేది. "ఎంతసేపు కరుణా? నాకు టయిం అయితాంది!" మా ఆయన స్టీఫెన్ గోల. నా టైము ఎవరికి పట్టింది? నంద్యాల డిజైన్ కాలేజీలో నా లెక్కల క్లాసు తొమ్మిదికి, ఈయన ఆఫీసు పదికి, లేచి తయారయ్యేదే తొమ్మిదికి. ఆటోలో పోతానంటే, "నేనుండంగ ఆటో ఏందీ, దుడ్లు దండగ!" రోజూ సగం క్లాసయ్యాక చేరేదాన్ని. ఇట్లాగైతే క్లాసు ఇంకొకరికి ఇస్తామని ప్రిన్సిపాల్ మొహం మీదే చెప్పేశారు. ఆ మాట అంటే మా అత్త దేవమ్మ నవ్వింది. "బొమ్మలు గీసే పిల్లోళ్లకు లెక్కలేందీ? పోతే పోనీలే."

ఎట్లా పోనిస్తాను? ఆ క్లాసంటే నాకు ప్రాణం. నా కోసమే కొన్న స్కూటీ గోడవార దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఒక సాయంత్రం స్టీఫెన్ నేర్పించబోయి, "ఆడ కాదే, ఈడ! నీ బుర్రకెక్కదు" అని అందరి ముందూ అరిచి దించేశాడు. నేనూ నమ్మేశాను, పిచ్చిదాన్ని.

మా క్లాసులో చందనది ఆళ్లగడ్డ, వాళ్ల నాయన విగ్రహాలు చెక్కుతాడు. బోర్డు మీద నిష్పత్తులు చెబితే బిక్కమొహం వేసేది. అదే క్లాసులో మనోజ్‌కైతే పైకి చదివి వినిపిస్తే చాలు, అర్థమైపోయేది. ఈ పిల్ల చేతికి బంకమట్టి ఇచ్చి, "బొమ్మ ముఖమే కొలత. ఒళ్లంతా దాంతోనే కొలువు" అన్నాను. కాసేపటికి ఎగిరి గంతేసింది. "ఇంతేనా మేడమ్! బడిలో నన్ను మొద్దు అనేటోళ్లు."

"మొద్దు నువ్వు కాదే, వాళ్లకు నీకు చెప్పడం రాలేదు" అన్నాను. అన్నాక ఆ మాట నన్ను వదల్లేదు. సాయంత్రం తను బండి తీస్తుంటే సిగ్గు విడిచి అడిగాను, "చందనా, నాకు స్కూటీ నేర్పిస్తావా?"

కాలేజీ గ్రౌండులో తన బండి మీద నన్ను కూర్చోబెట్టింది. "యాక్సిలేటర్ ముట్టొద్దు మేడమ్. బ్రేకు మీద వేళ్లు పెట్టుకోని కాళ్లతో నెట్టుకుంటా పోండి. బరువు తెలుస్తాది." తెలిసింది! పడ్డాను, ఇద్దరం నవ్వుకున్నాం, మళ్లీ ఎక్కాను.

ఈ పొద్దు ఉగ్గాని చేసి మూతపెట్టి, బాగుచేయించిన స్కూటీ బయటికి తీశాను. నోట్లో బ్రష్షుతోనే స్టీఫెన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్, యాడికి? ఎవురు నేర్పినారు నీకు?"

"నా స్టూడెంటు. అరవకుండా చెప్పింది, బుర్రకెక్కింది."

ఆ మాటతోనే నా కడుపు నిండిపోయింది. గేటు దగ్గర మా అత్త హ్యాండిల్ పట్టుకుంది. ఏమంటుందోనని బండి ఆపాను. కొడుక్కి వినపడకుండా గొంతు తగ్గించింది.

"ఆదివారం నన్ను చర్చికి దింపుతావా కరుణా? వాడు లేసేదాకా కాసుకోని, ఎప్పుడూ పాటలన్నీ అయిపోయినాంకనే పోతాండా."