ప్రభుత్వం తరఫున షారోన్

చీటీ తీసింది సంజీవరావు సారే. అంచేత తప్పు షారోన్‌ది కాదు. మూట్ కోర్టు పోటీలో, అంటే లా విద్యార్థులు లాయర్లలా నిలబడి వాదించే ఉత్తుత్తి కోర్టులో, గుంటూరులోని వాళ్ల కాలేజీకి ప్రభుత్వం వైపు పడింది. ఎక్కడా లేని ఒక రాష్ట్రంలో కొత్త నగరం కడుతున్నారు. పొలాలిచ్చిన రైతులకు పరిహారం ముట్టింది. ఆ పొలాల్లో కూలికెళ్లేవాళ్లు మాకూ ఇప్పించమని కోర్టుకెక్కారు. వాళ్లకా హక్కు లేదని షారోన్ వాదించాలి.

"మంచి వైపే పడిందమ్మా, గెలిచే వైపు," అన్నాడు సంజీవరావు.

ఆయన పదకొండేళ్లు కోర్టుకెళ్లి, వాయిదా అడగడానికి తప్ప నోరు విప్పే అవసరం రాక, పాఠాలు చెప్పుకోడానికొచ్చిన మనిషి. చెప్పడం మాత్రం శ్రద్ధగా చెప్పేవాడు. చేతులు ఊపకూడదు. జడ్జి మాటకు అడ్డు రాకూడదు. జవాబు తెలియకపోతే "ఆబ్లైజ్డ్, మై లార్డ్" అనాలి, ఆలోగా ఏదో ఒకటి తట్టకపోదు. కాకపోతే ఆయన పుస్తకంలో ఉన్న ప్రశ్నలే అడిగేవాడు. జవాబులూ ఆ పక్క పేజీలోనే ఉండేవి.

అందుకని షారోన్ ఇంట్లో అమ్మమ్మను జడ్జిని చేసింది.

పున్నమ్మ తుళ్లూరు పొలాల్లో ముప్పయ్యేళ్లు కలుపు తీసింది, పత్తి తీసింది, మిరపకాయలు కోసింది. ఆ పొలాలు రాజధానికి పోయాక గుంటూరులో కూతురింటికొచ్చి, మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతోంది. రోజూ పొద్దున్నే బస్సుకు ముందు ఓ అరగంట మంచమ్మీద కూర్చుని, చద్దన్నం తింటూ న్యాయం విచారించేది.

"ఏం చెప్తావో చెప్పు."

"కూలీలకు భూమి మీద హక్కు లేదండీ."

"భూమెవరడిగారే? పనేదీ అంటన్నాం."

షారోన్ రెండు రోజులు లైబ్రరీలో వెతికి జవాబు తెచ్చింది. పనిచ్చేది రైతు, ప్రభుత్వం కాదు. అడిగితే రైతునే అడగాలి.

"రైతు నన్ను మానమన్లేదే. పొలమే లేకుండా పోయింది. తీసుకుందెవరు?"

దానికి ఇంకో రెండు రోజులు పట్టింది. చట్టంలో భూమి ఉన్నవాళ్ల మాటే ఉందనీ, కూలీల ఊసు లేదనీ చెప్పింది షారోన్.

"అయితే వాళ్లకేమీ ఇవ్వరా?"

"ఇస్తారండీ. హక్కుగా కాదు, దయతో."

పున్నమ్మ తినడం ఆపింది. "బాగా చెప్పావ్," అంది.

ఇరవై రోజులు ఇదే వరస.

ఫైనల్లో జడ్జిగా కూర్చున్న పెద్ద లాయరు కళ్లజోడు పైకి తోసుకుని ఇంగ్లీషులో అడిగాడు. "రైతు వాళ్లను మానిపించలేదు. పొలమే పోయింది. తీసుకున్నది మీరే కదా?"

వెనక వరసలో సంజీవరావుకు చెమటలు పట్టాయి. అది పుస్తకంలో లేదు. షారోన్ మాత్రం తడుముకోలేదు. అమ్మమ్మకు చెప్పిందే ఇంగ్లీషులో చెప్పింది. కప్పు ఆమెకే వచ్చింది. "ఈ నిబ్బరం ఎవరు నేర్పారమ్మా?" అని జడ్జి తెలుగులో అడిగేసరికి, సంజీవరావు ముందుకొచ్చి వినయంగా నమస్కారం పెట్టాడు.

"గెలిచావా?" అంది పున్నమ్మ సాయంత్రం.

"గెలిచా."

"అంటే కూలోళ్లు ఓడిపోయారన్నమాట."

"అది ఉత్తుత్తి కేసు, అమ్మమ్మా."

"ఏదైతేనేం, జడ్జి ఒప్పుకున్నాడుగా." పున్నమ్మ కప్పును అటూ ఇటూ తిప్పి చూసి బల్లమీద పెట్టింది.

మర్నాడు పొద్దున మంచమ్మీద సర్దుకు కూర్చుంది. "ఇయ్యాల మా తరఫున చెప్పు. ప్రభుత్వం నేను."

షారోన్ నవ్వుకుంటూ లేచి నిలబడింది. రెండు వాక్యాలు చెప్పిందో లేదో పున్నమ్మ అందుకుంది. "పనిచ్చేది రైతండీ, ప్రభుత్వం కాదు." పొలమే పోయిందిగా అంది షారోన్. "చట్టంలో కూలీల ఊసు లేదండీ." షారోన్ తడబడింది. "ఇస్తే దయతో ఇస్తామండీ, హక్కుగా కాదు." అన్నీ షారోన్ మాటలే. ఆమె ఆగే చోటే ఆగుతూ, ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"ఊఁ, దీనికేంటి జవాబు?"

ఎగతాళికి అడగలేదు పున్నమ్మ. నిజంగానే వినాలని చూస్తోంది. ఆ వాదనల గోడ కట్టింది షారోనే. ఎక్కడా సందు వదల్లేదు.

"తొందరేం లేదులే, వెతుకు," అంటూ పున్నమ్మ కంచం కడిగి బోర్లించింది. "సాయంత్రం వచ్చాక వింటా."

బస్సు పోతుందని గబగబా వీధిలోకి నడిచింది. ఆ రోజు కాలేజీలో కప్పుతో ఫొటో తీస్తామంటే షారోన్ కోసం అందరూ వెతికారు. ఆమె లైబ్రరీలో ఉంది.