లేని అరలో నూటపన్నెండు పురుగులు

దర్జీ కత్తెర పట్టుకుని ఒక్కసారి దగ్గితే చాలు, తానులో గుడ్డ దానంతటదే మడత విప్పుకుంటుందని ఆ వీధిలో చెప్పుకునేవారు. ఇందులో అబద్ధం పిసరంతే. అంతటి పనిమంతుడు ఆ ఉదయం కంప్యూటర్ ముందు కూర్చుని చెమటలు కక్కుతున్నాడు.

తెర మీద ఎర్రటి పెట్టె ఒకటి గంతులేస్తోంది. ‘మీ కంప్యూటర్‌లో మూడువందల నలభై వైరస్‌లు! ఇప్పుడే కొనకపోతే ఫైళ్లన్నీ పోతాయి!’ అంటోంది. మూస్తే మళ్లీ వస్తోంది, పొమ్మన్నా పోని చుట్టంలా. దాని వెనక ఇంకేదీ తెరుచుకోవడం లేదు.

ఫైళ్లంటే మాటలా! ఎల్లుండే బడిలో నాటకం. ముప్పై ఎనిమిది మంది పిల్లలకు కోతుల, ఎలుగుబంట్ల వేషాలు కుట్టాలి. బడికి సెలవులిచ్చారు, పిల్లలు మళ్లీ కనబడేది నాటకం వేళకే. కొలతలున్నది ఆ కంప్యూటర్‌లోనే. రాసుకున్న చీటీలను, ఇక కాగితాలతో పనేమిటంటూ, దర్జీ తన చేతులతోనే చింపేశాడు.

కబురందుకుని కంప్యూటర్లు బాగుచేసే మరదలు వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం బావా, కుట్టుమిషను వసారాలో నిలబడింది! అలిగిందా?"

"దానిక్కూడా వైరస్ అంటుకుంటుందేమోనని ఎడంగా పెట్టానమ్మాయ్."

మరదలు నవ్వలేక స్టూలు మీద కూలబడింది. అంతలో బావ చేతిలో బ్యాంకు కార్డు చూసి ఠక్కున లేచింది.

"నంబరు కొట్టేశావా?"

"పద్నాలుగంకెలు అయ్యాయి. ఇంకా రెండే."

"చెయ్యి తియ్యి!" అంటూ ఆమె ముందు ఇంటర్నెట్ తీగ లాగేసింది. "ముందు బ్యాంకుకి ఫోన్ చేసి ఆ కార్డు ఆపించు. ఇదెలా వచ్చింది ఇంట్లోకి?"

"నిన్న ఎలుగుబంటి చెవుల బొమ్మ వెతుకుతున్నా. ‘ఉచితంగా పరీక్ష చెయ్యమంటారా’ అని అడిగింది. పాపం, మర్యాదగా అడిగింది గదాని సరే అన్నా."

"నేనడిగితే ఈ సరే ఏ గూట్లో పడుకుంటుందో!" అంది వంటింట్లోంచి భార్య.

దర్జీ విననట్టే ఫోన్ చేసి వచ్చాడు. మరదలు ఎర్రపెట్టెలోని జాబితా మీద వేలు పెట్టింది.

"డి డ్రైవ్‌లో, అంటే డి అనే అరలో, నూటపన్నెండు దొరికాయట. నీ కంప్యూటర్‌కి ఎన్ని అరలున్నాయి బావా?"

"ఒక్కటే. సి."

చెప్పాక దర్జీ ముఖం ఎర్రబడింది.

"అంటే చొక్కాకి మూడో చెయ్యి చిరిగిందని చెప్పి కుట్టుకూలి అడుగుతున్నాడన్నమాట, వెధవ!"

"అదీ సంగతి. కాపలావాణ్ణని చెప్పుకుంటూ దొంగే లోపలికొచ్చాడు."

ఆమె కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో మళ్లీ లేపింది. అలా లేపితే తప్పనిసరి ప్రోగ్రాములు తప్ప వేరేవి నిద్రలేవవట. ఎర్రపెట్టె రాలేదు. ప్రోగ్రాముల జాబితాలో నిన్నటి తేదీ వేసుకుని ఒక్కటే కూర్చుంది. తీసేయమనగానే అది కాళ్లబేరానికొచ్చింది. ‘నేను పోతే మీకు రక్షణ ఉండదు. నిజంగా తీసేస్తారా?’

"మరీ ఇంతగా బతిమాలుతుంటే..." దర్జీ వేలు గాల్లో ఆగింది.

"బావా! ఆ పిల్లలకేం తొడుగుతావు?"

దర్జీ కళ్లు మూసుకుని నొక్కేశాడు.

అంతటితో అయిపోలేదు. మరదలు తన పెన్‌డ్రైవ్‌లోని అసలు యాంటీవైరస్‌తో పరీక్ష మొదలుపెట్టింది. గంటన్నర పట్టింది. నిన్నటి ఘనుడు ఆ పనే ఆరు సెకన్లలో ముగించాడట! ఏ మూలల్లో నక్కాయో గానీ, ఆ దొంగ వదిలిపోయిన తోకముక్కలు రెంటిని అసలు యాంటీవైరస్ పట్టి బయట పారేసింది. అంతసేపూ దర్జీ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉన్నాడు. ఆ నడకంతా కూడగడితే పక్క రాజ్యం చేరేవాడే.

"ఇక తెరువు," అంది మరదలు.

కొలతల ఫైలు తెరుచుకుంది. దర్జీ వేలితో ఒక్కొక్క వరుసా లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది. ఊపిరి వదిలేసరికి బల్లమీది దారపు ఉండ దొర్లి కిందపడింది.

భార్య నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని పక్కనే చతికిలబడింది.

"చదవండి. ఈసారి నేను రాసుకుంటా. దీన్నెవరు చింపుతారో చూస్తా."

"మొదటి కోతి. ఛాతీ ఇరవై ఆరు, నడుము ఇరవై మూడు, చెయ్యి పదిహేడు..."

"తోక?"

దర్జీ గతుక్కుమన్నాడు. మళ్లీ చూశాడు. అందరి కొలతలూ ఉన్నాయి గానీ ఏ కోతికీ తోక పొడవు రాసుకోలేదు.

"అది మన దయాధర్మం," అని నల్లగుడ్డ పరిచి సుద్దముక్క అందుకున్నాడు.