అరవై మిల్లీమీటర్లు

వర్క్‌షాపులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె మిల్లీమీటరే. వెల్డింగు చేసే బాబాయి పెట్టిన పేరది. బాబాయి అంటే చుట్టమేమీ కాదు. ముప్పయ్యేళ్లుగా అక్కడే పాతుకుపోయాడు కనుక యజమానితో సహా అందరికీ బాబాయే. "మిల్లీమీటరు గీసిందంటే ఇంక టేపు తియ్యక్కర్లేదు" అని ఆయన పదిమందిలో అంటుంటే, ఆమె పైకి విసుక్కునేది గాని లోలోపల పొంగిపోయేది. పొగిడేవాళ్లు పక్కనుంటే ఎవరికైనా కాస్త కళ్లు మూసుకుపోతాయి మరి.

ఆ మధ్యాహ్నం ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, రెండు ట్యాంకుల మధ్య వంతెనలా వేసే ఇనుప పలక బొమ్మ గీస్తోంది. అలాంటి పలక ఒకటి కిందటి వారమే గీసింది. అది కోతకు వెళ్లి, తయారై, ఆ ఉదయమే లారీ ఎక్కి ట్యాంకుల దగ్గరికి వెళ్లిపోయింది కూడా. రెండోది దాదాపు అలాంటిదే కదా అని పాత బొమ్మ తెరిచి, పొడుగు గీతను కాపీ చేసి కొత్త పేజీలో పెట్టింది. కొలత అడిగితే కంప్యూటరు 2220 అని చూపించింది.

పాత బొమ్మలో అదే గీత పక్కన 2280 అని ఉంది.

పాత అంకె మీద రెండుసార్లు నొక్కి చూసింది. అది కంప్యూటరు కొలిచి వేసిన అంకె కాదు. ఎవరో చేత్తో కొట్టిన అంకె. ఎవరో ఏమిటి, తనే.

అంతా గుర్తొచ్చింది. ట్యాంకుల మధ్య ఎడం అరవై మిల్లీమీటర్లు ఎక్కువుందని అక్కడినుంచి ఫోనొచ్చింది. గీత సాగదీస్తే బోల్టు కన్నాలన్నీ మళ్లీ సర్దాలి, అరగంట పని. యజమాని వచ్చి నెత్తిన నిలబడి "ప్రింటు ఇవ్వమ్మా, సంతకం పెట్టేస్తాను" అన్నాడు. ఆయన్ని ముందు వదిలించుకుందామని గీత జోలికి పోకుండా అంకె మాత్రం మార్చింది. గీత తర్వాత సాగదీద్దామనుకుంది. ఆ తర్వాత అనేది రానేలేదు.

కాగితం మీద అంకె చూసేది మనుషులు. కోత యంత్రానికి అంకెతో పని లేదు, అది కంప్యూటరులోని గీత వెంటే పోతుంది. అంటే యజమాని సంతకం పెట్టింది ఒక పలకకి, యంత్రం కోసింది ఇంకో పలకని.

ఆమె కాగితం మీద లెక్క వేసింది. పలక రెండు కొసలూ రెండు వైపులా నలభై మిల్లీమీటర్ల అంచు మీద ఆనాలి. అరవై తగ్గితే ఒక్కో కొసకు మిగిలేది పది. అదీ సరిగ్గా మధ్యలో పెడితేనే. ఎవరైనా అడుగు వేసినప్పుడు పలక ఏ పక్కకైనా కాస్త జరిగిందంటే రెండో కొస గాల్లోకి వస్తుంది. కింద మూడంతస్తుల లోతు. ఈ రోజు ఆ పలక బిగించేది ఇద్దరు, ఇదే వర్క్‌షాపులో పనిచేసే తన సొంత అన్నయ్య, బాబాయి.

ఫోను తీసింది. ట్యాంకులున్న ఫ్యాక్టరీలో లోపల పనిచేసేవాళ్ల ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించుకుంటారు. గేటు నంబరుకే చేసింది.

"పని మధ్యలో పిలవకూడదమ్మా. ఏం పనో చెబితే రిజిస్టర్లో రాసుకుని పిలుస్తాను" అన్నాడు గేటు మనిషి.

చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. కొలత తప్పు, ఇద్దర్నీ దింపండి. కానీ రిజిస్టర్లో పడిందంటే సాయంత్రానికి దాని నకలు ఇక్కడ యజమాని బల్ల మీద ఉంటుంది, రేపటికి మిల్లీమీటరు అనే పేరు చెప్పి నవ్వుకోని వాడుండడు. ఆమె తల దించుకుంది, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

"మా అమ్మకి బాగాలేదు. మా అన్నయ్యని తొందరగా పంపండి" అంది.

"అయ్యో, అలాగా. పిలుస్తాను, లైన్లో ఉండు."

అన్నయ్య దిగితే చాలు, మిగతాది ఏదో ఒకటి చేసి సర్దుకోవచ్చు అనుకుంది. మరి బాబాయో అని మనసు అడిగింది. ఒక్కడే ఏం బిగిస్తాడులే, ఆగుతాడులే అని తనకు తానే నచ్చజెప్పుకుంది. నమ్మలేదు గాని నమ్మినట్టు కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో ఆమె చాలా చిన్న మనిషి అయిపోయింది. తెర మీద 2280 అలాగే వెలుగుతోంది.

ఆరు నిమిషాలకు అన్నయ్య గొంతు, రొప్పుతూ వినబడింది.

"అమ్మకేమైందే?"

"నువ్వు దిగావా?"

"దిగాను. ఇప్పుడే బయల్దేరతాను. పని బాబాయి చూసుకుంటానన్నాడు. పలక పెట్టేశాం, అవతలికెళ్లి బోల్టులు బిగించడమే మిగిలింది."

అవతలికి అంటే పలక మీదుగానే.

"ఆయన్ని ఎక్కనివ్వకు అన్నయ్యా. పలక పొట్టి. అరవై పొట్టి. అంకె మార్చాను గాని గీత మార్చలేదు. పరుగెత్తు."

ఫోను బల్లకు తగిలిన చప్పుడు వచ్చింది. తర్వాత బూట్ల చప్పుడు, అదీ దూరమైపోయింది. గేటు మనిషి ఎవరినో కేకేస్తున్నాడు. ఫోను చెవికి అదిమి పట్టుకుని, తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుంది. పక్క బల్ల అమ్మాయి ఏమైందని అడిగితే ఆగమని చెయ్యి ఊపింది.

ఎంతసేపైందో తెలియదు. ఎవరో ఫోను తీశారు. అన్నయ్యే.

"ఒక కాలు పెట్టేశాడు. చొక్కా పట్టుకుని లాగాను." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ట్యాంకు గోడ దగ్గర సందు చూశామే. రబ్బరు పట్టీ కోసం వదిలావేమో అనుకున్నాం. నువ్వు గీసింది కదా అని టేపు పెట్టలేదు."

ఆమె ఏడుస్తోంది.

"సరేలే, ఏడవకు. ఎవరికీ ఏం కాలేదు. ఇంతకీ అమ్మకెలా ఉంది? ఆసుపత్రికి తీసుకెళ్లారా?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"అమ్మ బాగానే ఉంది. ఇంట్లో టీవీ చూస్తోంది."

అన్నయ్య మంచివాడే గాని మందబుద్ధి కాడు.

"అంటే, నన్నొక్కడినే దింపుదామనుకున్నావా?"

"అవును" అంది.

తిడతాడనుకుంది. తిట్టలేదు. అవతల ఏవో మాటలు వినబడ్డాయి, ఫోను చేతులు మారింది.

"ఏంటమ్మా మిల్లీమీటరూ" అన్నాడు బాబాయి. నవ్వడానికే చూస్తున్నాడు. "మీ అన్నయ్య మొహం అలా మాడ్చుకుని ఫోను నా చేతిలో పెట్టాడేంటి? ముందు నీకు దండం పెట్టాలి. టైముకి ఫోను చేశావు గాబట్టి సరిపోయింది."

ఆమె కళ్లు తుడుచుకుంది. తలుపు దగ్గర యజమాని వచ్చి నిలబడ్డాడు. పక్క బల్ల అమ్మాయి చూస్తూనే ఉంది.

"నేను టైముకి చెయ్యలేదు బాబాయ్, ముందు అన్నయ్యనొక్కడినే దింపాలని చూశాను" అని మొదలుపెట్టింది, అందరికీ వినబడేలా.