ఫిడేలువాడి పెళ్ళాం

చర్చి నుంచి పెళ్ళిబళ్ళు తిరిగొచ్చి ఎంతోసేపు కాలేదు, అప్పుడే గెన్యా కాళ్ళు ఒకచోట నిలవడం మానేశాయి. వంటింట్లోంచి పెద్దగదిలోకి, పెద్దగదిలోంచి వంటింట్లోకి. ఒకసారి చేతిలో సేమ్యా వేసిన కోడిపులుసు గిన్నె, ఒకసారి గసగసాల కేకు పళ్ళెం, ఒకసారి ఉత్త చేతులు.

"ఉప్పు చూడమన్నాను నిన్ను. గుమ్మం చూడమనలేదు," అంది పొయ్యి దగ్గర పుల్లక్యాబేజీ కలుపుతున్న ఆమె అక్క బ్రోంకా.

"చూశాను. సరిపోయింది."

"గరిటె ఇంకా నా చేతిలోనే ఉంది. ఎక్కడ చూశావే, కలలోనా?"

గెన్యా గరిటె లాక్కుని రుచి చూసి, మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళింది. కూతురు లుత్సినా పెళ్ళి ఇవాళ. అందరూ పెళ్ళికూతురి తల్లి కదా, బెంగ అనుకుంటున్నారు. బెంగ కాదు. ఆమె మొగుడు వాలెంతి ఈస్టరు పండగనాడు, తాగకుండానే, ఒక మాటిచ్చాడు. "లుత్సినా పెళ్ళిలో నీతో ఒక ఒబెరెక్ ఆడతాను," అన్నాడు. ఒబెరెక్ అంటే జంటగా గిరగిరా తిరిగే ఆట. పెళ్ళయి కూతుర్ని కని, ఆ కూతురి పెళ్ళి చేసేదాకా వచ్చినా మొగుడితో ఒక్క చుట్టు తిరిగిన ఆడది కాదు గెన్యా. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి పెళ్ళయినా ఫిడేలు వాలెంతిదే. తనేమో గోడవార బల్ల మీద.

"నేను లేస్తే ఎవరు వాయిస్తారే? కాస్త జనం పల్చబడనీ," అనేవాడు ప్రతిసారీ. జనం పల్చబడేసరికి ఫిడేలు పెట్టెలో పెట్టి తాళం వేస్తుండేవాడు. మొదట్లో ఎవరైనా చెయ్యి చాపితే, "మా ఆయన వస్తానన్నాడు," అనేది గెన్యా. తర్వాత్తర్వాత అడగడమే మానేశారు. ఇంటికొచ్చాక రవిక విప్పి చూసుకుంటే వీపంతా గోడ సున్నం.

ఇవాళ మాత్రం ఆ సాకు చెల్లదు. పెళ్ళికొడుకు పెదనాన్న ఇగ్నాత్సి నదికి అవతలి ఊరి ఫిడేలువాడు. విందుకి వచ్చాడు, చేతులు ఖాళీ. గెన్యా తనే అతన్ని తీసుకెళ్ళి వాయించేవాళ్ళకి దగ్గరగా కూర్చోబెట్టింది.

పెద్దగదిలో పాట ఒకటి ముగిసింది. గెన్యా ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంటూ వెళ్ళి వాలెంతి స్టూలు ముందు నిలబడింది.

"ఇప్పుడా?"

వాలెంతి తల ఎత్తలేదు. ఫిడేలు మరలు తిప్పుతున్నాడు. "తీగ జారింది."

"ఇందాకా అదే అన్నావు."

"ఇందాక వేరే తీగ."

పక్కన డప్పు పట్టుకున్న అతని తమ్ముడు రోఖ్ నవ్వాపుకున్నాడు. "ఉన్నవి నాలుగే వదినా. ఇంకో రెండు పాటలు ఓపిక పట్టు, సాకులైపోతాయి."

"ఇగ్నాత్సి అన్నయ్యగారు వాయిస్తానన్నారు," అంది గెన్యా.

"ఈ ఫిడేలు కొత్త చేతికి లొంగదు."

ఇగ్నాత్సి వోద్కా గ్లాసు కింద పెట్టాడు. "చెక్కముక్కే కదయ్యా. పెళ్ళాన్నడిగినట్టు ముడుచుకుంటావేంటి?"

బల్లల దగ్గర అందరూ ఘొల్లుమన్నారు. వాలెంతి కూడా నవ్వాడు గాని చేతులు మరల మీంచి తీయలేదు. తీయకుండానే కొత్త పాట ఎత్తుకున్నాడు. గెన్యా వంటింట్లోకి వెళ్ళింది. దోసకాయలు తరగబోయి వేలు తెగ్గోసుకుంది.

"కడిగి గుడ్డ చుట్టుకో," అంది బ్రోంకా. "వాడు లేవడే. ఇగ్నాత్సికి ఫిడేలిస్తే జనం ఎవరిది బాగుందంటారోనని వాడి భయం. మగాళ్ళ పరువు పొయ్యి మీది పాల లాంటిది."

గెన్యాకీ అదే అనిపించింది. అనిపించేకొద్దీ ఒళ్ళు మండింది. గుడ్డ సగం చుట్టుకునే మళ్ళీ పెద్దగదిలోకి నడిచింది.

అక్కడో పద్ధతుంది. ఆడదలచినవాళ్ళు వాయించేవాళ్ళ ముందుకొచ్చి తమ పాట తాము పాడాలి. ఆ వరస పట్టుకుని వాయించాల్సిందే, కాదనడానికి లేదు. జనాన్ని తోసుకుని వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని గెన్యా పాడింది:

"నీ ఫిడేలు తీగలేమో తెగి తెగి మారిపాయె,
నా చెప్పుల జోడేమో అరగకనే మూలకాయె,
పెళ్ళికొచ్చిన ప్రతివాడూ చుట్టు తిరిగి పోయె,
వాలెంతి పెళ్ళానికేమో వీపున సున్నమాయె!"

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత పాటలో పేరెవరిదో తెలిసి మగాళ్ళు బల్లలు చరిచారు. వాలెంతి మెడ మీదనుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు. లేచి, ఫిడేలూ కమానూ ఇగ్నాత్సి ఒళ్ళో పెట్టాడు. అందరూ దారి వదిలారు. గెన్యా చెయ్యి చాపింది.

ఆ చెయ్యి పక్కనుంచి నడిచి వాలెంతి గుమ్మం దాటి బయటికి వెళ్ళిపోయాడు.

లోపల ఎవరో "అలిగాడ్రోయ్" అన్నారు. లుత్సినా ముసుగు సర్దుకుంటూ తల్లి వంక బిత్తరగా చూసింది. గెన్యా కూతురికి ఏం కాలేదన్నట్టు చెయ్యి ఊపి తనూ బయటికి నడిచింది.

వాలెంతి ఆపిల్ చెట్లలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. రాలిన పండ్లు కాలికింద చితుకుతున్నా చూసుకోవడం లేదు.

"నలుగురిలో పరువు తీశాననా?"

"కాదు."

"మరి? ఇగ్నాత్సి చేతిలో నీ ఫిడేలు చూడలేకా?"

"అదీ కొంచెం ఉంది." ఆగాడు. "నాకు రాదు గెన్యా."

"ఏం రాదు?"

"ఆడటం."

గెన్యా నవ్వబోయింది. అతని మొహం చూసి ఆగిపోయింది. "రాకపోవడమేంటి? జిల్లాలో సగం మందిని తిప్పింది నువ్వే కదా?"

"తిప్పాను. నేనెప్పుడూ తిరగలేదు." చెట్టు బెరడు గోటితో గీరుతున్నాడు. "పాలపళ్ళు ఊడకముందే మా నాన్న స్టూలెక్కించాడు. ఈడువాళ్ళంతా అడుగులు నేర్చుకుంటుంటే నేను వాళ్ళకి వాయించాను. ఎవరి కాలు ఎక్కడ తప్పుతుందో స్టూలు మీంచి చెప్పగలను. నా కాళ్ళకి మాత్రం ఏం చెప్పాలో తెలీదు."

"మరి ఇన్నాళ్ళూ జనం పల్చబడనీ, పల్చబడనీ అన్నావు?"

"పల్చబడ్డాక చెబుదామనుకునేవాణ్ణి. తీరా పల్చబడ్డాక సిగ్గేసేది."

గెన్యాకి కోపమొచ్చింది. నవ్వొచ్చింది. మళ్ళీ కోపమొచ్చింది. ఇన్ని పెళ్ళిళ్ళలో తను బల్ల మీద కూర్చున్నది వీడి ఫిడేలు కోసమనుకుంది. ఫిడేలు కోసం కాదు, ఈ రెండు కాళ్ళ కోసం.

"ఇలా రా."

"ఇక్కడా?"

"ఇక్కడెవరున్నారు, కోళ్ళు తప్ప?" అతని చెయ్యి లాగి తన నడుం మీద వేసుకుంది. లోపల ఇగ్నాత్సి ఒబెరెక్ ఎత్తుకున్నాడు. "ఎడమకి తిరగాలి. ఎడమకాలు. నాది కాదు, నీది."

వాలెంతి ఆమె పాదం తొక్కాడు. సర్దుకుని రెండోది తొక్కాడు. మూడో అడుగులో నిలబడిపోయాడు.

"ఆగావేం?"

"వింటున్నావా? మూడో దెబ్బ మింగేస్తున్నాడు."

"ఎవడు ఏం మింగితే నీకెందుకు? నువ్వు కాలు తియ్యి."

తీశాడు. మళ్ళీ లోపల కమాను జారింది, మళ్ళీ ఇతను గుంజకి కట్టిన ఎద్దులా ఆగాడు. చేతులు గెన్యా నడుం మీదున్నాయి, చెవులు లోపలున్నాయి. రోఖ్ డప్పు పరుగెడుతోంది. గెన్యా కాళ్ళు ఆ డప్పు వెంట పోతున్నాయి, ఈ మనిషి దగ్గర ఆగడం వాటి వల్ల కావడం లేదు.

ఆమె చేతులు వదిలేసింది.

"ఫో. పోయి వాయించు."

"నువ్వు?"

"నేను ఆడతాను."

"ఎవరితో?"

"ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళతో. నువ్వు కూర్చుంటే ఇగ్నాత్సి ఖాళీ అవుతాడుగా."

"వాడితోనా?"

"మరెవరితో, ఫాదర్ గారితోనా?"

వాలెంతి చొక్కా సర్దుకుని, ఇంటి వైపు నడిచాడు. గెన్యా వెనకాలే వెళ్ళింది, వీపు మీద చెయ్యేసి తోసినంత దగ్గరగా.

వాలెంతి స్టూలు ఎక్కి ఇగ్నాత్సి చేతిలోంచి ఫిడేలు అందుకున్నాడు. గెన్యా మళ్ళీ అదే వరస పాడింది, ఈసారి మాటలు లేకుండా, రాగం మాత్రమే. పాడి ఇగ్నాత్సి వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, ఆడటం వచ్చా?"

"ఫిడేలు కంటే అదే ముందు నేర్చుకున్నానమ్మా," అన్నాడు ఇగ్నాత్సి మీసం దువ్వుకుంటూ.

"హమ్మయ్య," అంది గెన్యా.

వాలెంతి శవం వెంట నడిచేవాళ్ళకి వాయిస్తున్నట్టు మొదలుపెట్టాడు. ఇగ్నాత్సి ఆమెను ఎడమకి తిప్పాడు. మొదటి చుట్టులో గెన్యా ఏ కాలు ముందో మరిచిపోయింది. రెండో చుట్టుకి కాళ్ళకి గుర్తొచ్చింది. స్టూలు పక్కనుంచి పోతూ, "ఇది పెళ్ళయ్యా," అంది.

పాట కాస్త లేచింది. వాలెంతి ఇప్పుడు తీగల వంక చూడటం లేదు, ఆమె కాళ్ళ వంక చూస్తున్నాడు. మళ్ళీ దగ్గరికొచ్చినప్పుడు, "ఎల్లుండి నుంచి నేర్పిస్తా," అని విసిరి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి అతను జవాబు సిద్ధం చేసుకున్నాడు. "బంగాళాదుంపలు తవ్వాలి."

"తవ్వాకే," అంది ఇంకో చుట్టులో.

"రోఖ్‌గాడికి తెలిస్తే ఊరంతా చెప్తాడు."

"నాకు తెలిసిపోయింది," అన్నాడు రోఖ్ డప్పు మీద తల వంచుకునే.

వాలెంతి కమాను బిగించి పట్టుకున్నాడు. పాట ఒక్కసారిగా గుర్రమెక్కింది. ఇగ్నాత్సి రొప్పుతూ, "మెల్లగా తమ్ముడూ, నా వయసు చూడు," అన్నాడు. వాలెంతి వినిపించుకోలేదు. గెన్యా తలగుడ్డ జారి మెడ మీద పడింది. ఎవరి భుజం పట్టుకుందో, గోడలెటు తిరుగుతున్నాయో తెలియడం లేదు. స్టూలు ఎదురొచ్చిన ప్రతిసారీ ఒక్కటే అంటోంది.

"ఇంకా."