తెల్ల స్టిక్కర్

పాత వీడియో గేమ్ కార్ట్రిడ్జ్ విప్పిన లిఫ్ట్ మెకానిక్ దాన్ని లైటు కిందికి జరిపి మళ్ళీ చూశాడు: చిప్పు మీద ఉండాల్సిన అక్క చేతిరాత లేదు, ఆ చోట ఎవరో తెల్లటి కొత్త స్టిక్కర్ అంటించారు.

అప్పటిదాకా తప్పంతా మిషన్‌దే అనుకున్నాడు. పాత గేమ్ మిషన్, ముసలి ప్రాణం, అప్పుడప్పుడూ మొరాయించడం దాని హక్కు. స్విచ్ నొక్కితే ఎర్ర దీపం వెలిగింది గానీ టీవీ తెర నల్లగానే ఉండిపోయింది. వేరే ఆట పెడితే టక్కున వచ్చింది. మళ్ళీ అక్క ఆట పెట్టాడు. మళ్ళీ నలుపే. అప్పుడు తీశాడు స్క్రూడ్రైవర్.

హాల్లోంచి అక్క గొంతు వినిపించింది.

"ఏరా, నీ డబ్బా ఇంకా వేడెక్కలేదా? ఉన్న ఒక్క కన్నూ కునుకు తీసేలా ఉంది."

"వైరు వదులైందక్కా, వచ్చేస్తున్నా."

రేపు ఆ ఒక్క కంటికి ఆపరేషన్. ఎడమ కన్ను పోయి ఏడాది దాటింది. కుడి కన్నయినా దక్కుతుందని డాక్టరు మాట ఇవ్వలేదు. చూడాలనుకున్నవి ముందే చూసేసుకోండమ్మా అన్నాడు. ఇంకొకరైతే కొండలో సముద్రాలో అడిగేవారు. అక్క అడిగింది ఒక్కటే. తను రాసిన ఆట చివర్లో వచ్చే తెల్లవారడం.

కాలేజీ అయిపోగానే అక్క ఒక చిన్న గేమ్ కంపెనీలో చేరింది. అక్కడ రాసిందే ఈ ఆట. ఇంట్లోకి నీళ్ళు ఎక్కుతుంటాయి. ఒక చీమ చక్కెర పలుకు మోసుకుంటూ మెట్టు తర్వాత మెట్టు ఎక్కాలి. డాబా మీదికి చేరితే ఆకాశం తెల్లవారుతుంది. ఆ మిషన్ ఇచ్చే నాలుగు రంగులతో తెల్లవార్చడానికి అక్కకి నెల పట్టిందట. ఆట దుకాణాలకి చేరకముందే కంపెనీకి తాళం పడింది. రాసుకున్న కాగితాలూ యంత్రాలూ ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. మిగిలింది పరీక్ష కోసం తయారుచేసిన ఈ ఒక్క కార్ట్రిడ్జ్.

పరీక్ష చిప్పుకి వీపు మీద చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి గట్టి వెలుగు లోపలికి పడితే రాసిందంతా చెరిగిపోతుంది, మళ్ళీ కొత్తది రాసుకోవచ్చు. అలా చెరిగిపోకూడదనే కిటికీ మీద స్టిక్కర్ అంటిస్తారు. అక్క దాని మీద నీలి సిరాతో 'చీమ, ఆఖరిది' అని రాసింది.

అతను ఫోను తీసి స్నేహితుడికి చేశాడు. ఇల్లంతా పాత మిషన్లతో నింపి, మంచం వేసుకోను చోటు లేక వరండాలో పడుకునే ఆయన్ని అందరూ మ్యూజియం అంటారు.

"ఎండ తగిలి ఉంటుందంటావా?"

"ఒకపూట ఎండకి పోదురా. వారమైనా పడుతుంది. ట్యూబులైటుకైతే ఏళ్ళే. చెరపడానికి వేరే దీపం ఉంటుంది, నీలంగా వెలుగుతుంది. దాని కింద పెట్టి టీ తాగొచ్చేలోపు చిప్పు ఖాళీ."

"మళ్ళీ తెప్పించుకోలేమా?"

అవతల ఏదో మిషన్ పక్కకి జరిపిన చప్పుడైంది.

"కాపీ తీసిస్తానని నీ చుట్టూ ఎంత తిరిగాను? కాపీ ఉంటే లోకంలో ఇది ఒక్కటే ఎలా అవుతుంది అన్నావు. ఇప్పుడు నన్నడిగితే ఏం చెప్పను?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆకులేం చేస్తాయి? అతను ఫోను పెట్టేశాడు.

ఇంటికెవరొచ్చినా అలమర తెరిచి ముందు ఈ కార్ట్రిడ్జే చూపించేవాడు. ముట్టుకోనిచ్చేవాడు కాదు. తనూ ఆడేవాడు కాదు. చిన్నప్పుడు ఆడినప్పుడల్లా మూడో అంతస్తులోనే మునిగిపోయేవాడు. అక్క వచ్చి ఆడుకుంటుంటే అతని చూపు తెర మీద ఉండేది కాదు, కార్ట్రిడ్జ్ ఎక్కడ అరిగిపోతుందోనని మిషన్ మీదే ఉండేది.

భార్య టీ గ్లాసుతో లోపలికొచ్చింది.

"ఈ అలమర ఎవరు తెరిచారు?"

"నేనే. ఏం, పోలీసులా అడుగుతున్నారు?" అంది. అతని మొహం చూసి గ్లాసు కింద పెట్టింది. "మొన్న అన్నయ్యగారు వచ్చారు. మిషనూ ఆ చీమ ఆటా పసుపెక్కిపోయాయి, తెల్లగా చేసిస్తా, మీ వదినకి కొత్తవాటిలా కనబడాలి అన్నారు. మీకు చెప్పొద్దన్నారు. నిన్న తెచ్చిచ్చేశారు. ఆయన ఎప్పుడూ చేసేదేగా?"

ఎప్పుడూ చేసేదే. అన్నయ్యగారంటే అక్క మొగుడు. బావకి సెలూన్ ఉంది. జుట్టు రంగు తీసే క్రీము పాత ప్లాస్టిక్‌కి దట్టంగా పూసి, పల్చటి కవరు చుట్టి ఎండలో పెడితే పసుపు వదిలిపోతుంది. ఇతని మిషన్లన్నీ అలా బావ చేతుల మీదుగా తెల్లబడ్డవే. "నా గిరాకీల్లో తల తిప్పనివి ఇవేరా, కబుర్లు కూడా చెప్పవు" అనేవాడు.

మరి చిప్పుకి నీలం దీపం ఎక్కడ తగిలింది?

అతను తెల్ల స్టిక్కర్ అంచుని గోటితో లేపాడు. అంచులు ఒక్క వేటుకి తెగినట్టు నున్నగా ఉన్నాయి. కింద గాజు అద్దంలా మెరుస్తోంది. స్టిక్కర్ వెనక, జిగురుకి అంటుకుని, వడ్లగింజంత తెగిన వెంట్రుక.

సెలూన్‌లో అద్దం పక్కన ఉండే, క్రిములు చంపే పెట్టె అతని కళ్ళకి కట్టింది. గాజు తలుపు, లోపల దువ్వెనలు, కత్తెరలు, వాటి మీద నీలి వెలుగు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగని ఒక్క వెంట్రుక పట్టించింది.

"బావా, ఒకసారి ఇలా రా."

హాల్లో అక్క పక్కన కూర్చున్న బావ నవ్వుకుంటూనే వచ్చాడు. "ఏరా బామ్మర్దీ, లిఫ్టులు పైకీ కిందికీ తిప్పేవాడివి, ఈ బుల్లి డబ్బాకి..."

బల్ల మీద వెంట్రుక అంటిన స్టిక్కర్ కనబడింది. వెనక్కి తిరిగి మెల్లగా తలుపు వేశాడు.

"అక్కకి చెప్పావా?" అని అడిగాడు మెకానిక్.

"లేదు."

"ఆ పెట్టెలో పెట్టావు కదూ?"

బావ కుర్చీలో కూర్చోలేదు, గోడకి జారగిలబడ్డాడు. చొక్కా జేబులోంచి చిరిగిన కాగితం ముక్క తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. నీలి సిరా. 'ఆఖరి' వరకే మిగిలింది.

"నేనేరా చేసింది. నీ పెళ్ళాన్ని ఏమీ అనకు. పై డొప్ప విప్పి క్రీము పూశాను, ఎప్పటిలాగే. లోపలి బోర్డు పక్కన పెట్టాను. దాని మీద స్టిక్కర్ జిడ్డుకారిపోయి ఉంది. ఆపరేషన్ కంటికి మురికి సోకకూడదు, ఆవిడ చేతుల్లోకి వెళ్ళేవన్నీ శుభ్రంగా ఉండాలన్నాడు డాక్టరు. అదే నా బుర్రలో తిరుగుతోంది. స్టిక్కర్ పీకాను, చిరిగింది. స్పిరిట్‌తో తుడిచాను. ఇంకా నమ్మకం కుదరక దువ్వెనల పెట్టెలో పెట్టి లైటు వేశాను. ఇద్దరికి కటింగు చేశాను. క్రిములు చచ్చిపోతాయి, మా ఆవిడ కన్ను చల్లగా ఉంటుంది అనుకుంటూ చేశాను. తర్వాత సెలూన్ టీవీకి తగిలించి చూస్తే నలుపు. దుమ్మేమో అని ఊదాను. తుడిచాను. మళ్ళీ ఊదాను. నాకర్థమైపోయింది. అయినా తెల్ల కాగితం కత్తిరించి అంటించి తెచ్చి ఇచ్చేశాను, మిషనే పాడైందని నువ్వనుకుంటావని. ఇందాక వచ్చేటప్పుడు దారిలో మీ అక్క నా చెయ్యి పట్టుకుని అడిగింది, రేపటి తర్వాత నాకేమీ కనబడకపోతే ఆ ఆకాశం ఏ రంగుతో మొదలవుతుందో నువ్వు చెప్తూ ఉండాలి అని. సరే అన్నాను. ఈ గదిలో నా పక్కనే కూర్చుని ఎన్నిసార్లు ఆడిందిరా. ఇదిగో తెల్లవారింది చూడు, చూడు అనేది. నేను పేపరు చదువుకుంటూ ఊఁ అనేవాణ్ణి. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. అది ఏ రంగో నాకు తెలీదు."